తెలుగు చర్చి యూత్‌ను కమ్యూనిటీ గార్డెన్‌కు తీసుకెళ్లాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో మీరు అడిగింది ఇది. ఉత్తర టెక్సాస్‌లో మీది చిన్న తెలుగు చర్చి. ఆరో గ్రేడ్ నుంచి పన్నెండో గ్రేడ్ దాకా యూత్‌లో 24 మంది పిల్లలు. పాటల ప్రాక్టీసు, బైబిల్ క్విజ్, క్రిస్మస్ నాటకం తప్ప బయటివాళ్లకు పనికొచ్చేది ఏమీ చేయట్లేదని మీ పాస్టరుగారి బాధ. కమ్యూనిటీ గార్డెన్‌లో, అంటే ఊరివాళ్లు మడులు పంచుకుని సాగుచేసే ఉమ్మడి తోటలో, సేవ చేద్దామనే ఆలోచన వచ్చింది. చర్చి వెనక ఖాళీ స్థలంలో మీరే తోట వేయాలా, ఊళ్లో ఉన్న తోటకే వెళ్లాలా? అక్కడ సువార్త చెప్పొచ్చా? స్కూలుకూ కాలేజీకీ చూపించే సేవ గంటలు, అదే సర్వీస్ అవర్స్, అడిగే తల్లిదండ్రులతో ఏం చేయాలి? మొదటి శనివారం ఏం తీసుకెళ్లాలి?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. తప్పకుండా చేయండి, కానీ మొదటి ఏడాది సొంత తోట వద్దు. ఇప్పటికే నడుస్తున్న తోటకు వెళ్లి, అక్కడ ఎవరూ చేయని పని అడిగి తీసుకోండి. నా సలహా అయితే జూన్, జులై, ఆగస్టుల్లో నీళ్లు పెట్టే పని. వారానికి ఒకే రోజు, ఒకే టైము, మార్చి నుంచి నవంబరు దాకా మానకుండా వెళ్లండి. 24 మందినీ ఒకేసారి తీసుకెళ్లొద్దు, ఎనిమిదేసి మంది చాలు. తోటలో కరపత్రాలు వద్దు, చర్చి పేరున్న టీషర్టులు వద్దు. అవర్స్ విషయంలో చేసినన్నే రాయండి. ఎందుకో ఇప్పుడు చెప్తాను, కాస్త పెద్దదే అవుతుంది.

నా సంగతి రెండు ముక్కలు. మాది ఒంగోలు దగ్గర పల్లె. డాలస్ చుట్టుపక్కల ఒక తెలుగు సంఘంలో యూత్ పిల్లలతో తొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఉద్యోగం వేరే, వ్యవసాయం చదువుకోలేదు. చిన్నప్పుడు చూసింది కొంత, ఇక్కడ చెడగొట్టి నేర్చుకున్నది ఎక్కువ.

చెడగొట్టిన కథతోనే మొదలుపెడతాను. మేం మొదట చేసింది సరిగ్గా మీరు అనుకుంటున్నదే. చర్చి వెనక స్థలంలో పన్నెండు మడులు కట్టాం, ఒక్కోటి నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. మార్చిలో చెక్కలు, మట్టి, నారు తెచ్చి, ప్రార్థన చేసి, ఫొటోలు దిగి, బిర్యానీ తిన్నాం. ఏప్రిల్, మే చాలా బాగుంది. టమాటాలు గుత్తులు గుత్తులుగా కాశాయి. జూన్ మొదటి వారంలో స్కూళ్లు మూశారు. సగం కుటుంబాలు ఇండియా వెళ్లాయి. మిగిలిన వాళ్లలో కొందరు క్యాంపులకు పోయారు. జులైకి నీళ్లు పోసేది మూడు కుటుంబాలు, నెలాఖరుకు మేం ఒక్కళ్లమే. ఇక్కడి నల్లరేగడి మీకు తెలుసుగా, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. దానికితోడు బెర్ముడా గడ్డి. అది ఇంకేదో అమెరికా గడ్డి అనుకునేరు, మన గరికే. దారుల్లోంచి మడుల్లోకి పాకింది. ఆగస్టులో గడ్డి మోకాళ్ల దాకా పెరిగిందని సిటీ నుంచి నోటీసు వచ్చింది. సంఘ పెద్దలు మనిషిని పెట్టి మొత్తం కోయించారు. పిల్లలు సెలవుల నుంచి వచ్చేసరికి అక్కడ ఏమీ లేదు. ఆ ఏడాది వాళ్లు నేర్చుకున్న పాఠమేమిటంటే, మన చర్చిలో మొదలుపెట్టినవి ఆగస్టుకు పోతాయని.

మరుసటి ఏడాది బుద్ధి తెచ్చుకుని ఊళ్లో ఉన్న కమ్యూనిటీ గార్డెన్‌కు వెళ్లి అడిగాం. అక్కడ తోట చూసుకునేది రిటైరైన ఒక టీచరమ్మ. ఆవిడ ముఖంలో పెద్ద సంతోషం కనిపించలేదు. యూత్ గ్రూపులు ప్రతి ఏప్రిల్‌లో వస్తాయట, రంగురంగుల టీషర్టులతో, ఒక శనివారం. వాళ్లకు పని చూపించడానికి ఆవిడకు వారం పడుతుందట. వాళ్లు వెళ్లాక తొక్కేసిన మొలకలు సరిచేసుకోవడానికి ఇంకో వారం. అప్పుడు నేను అడిగాను, ‘మీకు అందరికంటే కష్టమయ్యేది ఎప్పుడు?’ అని. ‘జులై’ అంది, ఆలోచించకుండా. జులై మాకివ్వండి అన్నాను. ఆవిడ నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పు కూడా లేదు. ఆ వేసవి గడిచాకే మాకు తోట షెడ్డు తాళం ఇచ్చింది.

కాబట్టి మీరు వెళ్లినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: ఏ పనికి మనుషులు దొరకడం లేదు? నాటడానికి ఎప్పుడూ మనుషులుంటారు. దారుల్లో గరిక తీయడానికి, కంపోస్టు తిరగేయడానికి, పైపులు చుట్టి పెట్టడానికి, వేసవిలో నీళ్లకు ఉండరు.

నీళ్ల లెక్క కాస్త చెప్తాను, ఎందుకంటే పిల్లలు పైపు పట్టుకుని ఆకుల మీద చల్లేసి పని అయిందనుకుంటారు. నాలుగుకు ఎనిమిది అడుగుల మడికి ఒక అంగుళం నీరు పెట్టాలంటే దాదాపు 20 గ్యాలన్లు, అంటే 75 లీటర్లు కావాలి. మామూలు రోజుల్లో వారానికి అది సరిపోతుంది. జులైలో వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినప్పుడు దానికి రెట్టింపు పెట్టినా మధ్యాహ్నానికి ఆకులు వాలిపోతాయి. మా పిల్లలకు మొదటి రోజు చేయించేది ఇదే: రెండు గ్యాలన్ల డబ్బాతో ఒక మడికి పది సార్లు మోసి పోయించడం. తర్వాత పైపు ఇస్తాను. ఆ పది డబ్బాలు మోసినవాడు పైపును పక్కన పడేసి ఫోన్ చూడడు. నీళ్లు మొక్క మొదలు దగ్గర పోయాలి, పొద్దున్నే పోయాలి. చాలా నగరాల్లో వేసవిలో పగటిపూట స్ప్రింక్లర్లు పెట్టకూడదన్న నిబంధన ఉంటుంది, మీ సిటీ నియమం ముందే కనుక్కోండి.

ఎనిమిది మందే ఎందుకన్నానంటే, 24 మంది వస్తే పనిచేసేది ఆరుగురే. మిగతా 18 మంది ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటారు. మూడు జట్లు చేయండి. ఒక్కో జట్టుకు మూడు వారాలకోసారి వంతు వస్తుంది, తోటకు మాత్రం ప్రతి శనివారం మనుషులు వస్తారు. ఇండియా వెళ్లే కుటుంబాల తేదీలు మే నెలలోనే రాయించుకుని, ఆ వంతులు ముందే వేరేవాళ్లకు సర్దండి. వారానికోసారి నీళ్లు జులైకి చాలవు కదా అంటారేమో, చాలవు. మధ్యలో ఇంకో రెండు రోజులు కావాలి. అవి కుటుంబాలుగా పంచండి, తల్లో తండ్రో ఇద్దరు పిల్లలను తీసుకుని గంటసేపు వచ్చి వెళ్లేలా.

ఏ పంటలన్నది తోటవాళ్లే చెప్తారు. అయినా మనకు కొంచెం చొరవ దొరికిన చోట మన పంటలు ఇక్కడి ఎండకు గొప్పగా పనికొస్తాయి. పగలు 95, రాత్రి 75 డిగ్రీలు దాటాయంటే టమాటా పూత రాలిపోతుంది, పిందె పట్టదు. జులైలో అమెరికన్ల మడులు చాలావరకు బోసిగా ఉండేది అందుకే. బెండ, అలసంద, చిలగడదుంప, బచ్చలి, తోటకూర, గోంగూర అప్పుడే ఊపందుకుంటాయి. అలసందలు ఇక్కడివాళ్లకు కొత్తేం కాదు. బ్లాక్ ఐడ్ పీస్ అని జనవరి ఒకటిన అదృష్టం కోసం తినేవి అవే. మన బొబ్బర్లు.

ఒక తమాషా చెప్పాలి. మా అత్తగారు ఆరు నెలలకని ఇండియా నుంచి వచ్చారు. ఇంట్లో పొద్దు పోవట్లేదంటే తోటకు తీసుకెళ్లాను. పిల్లలు మడిలో కలుపు తీసి బకెట్లో వేస్తున్నారు. ఆవిడ బకెట్లోకి తొంగి చూసి, ‘ఏమే, గంగపాయల కూర పారేస్తున్నారేంటి? పప్పులోకి ఎంత బాగుంటుంది!’ అని మొత్తం చీర కొంగులో పోసుకున్నారు. ఇంకో మూల తోటకూర కూడా కలుపని పీకేస్తుంటే పిల్లల చేతులు పట్టుకుని ఆపారు. ఆ రోజు నుంచి పిల్లలకు ఆవిడ ‘తోట అమ్మమ్మ’. ఆవిడకు ఇంగ్లిష్ రాదు, వాళ్లకు తెలుగు అంతంతమాత్రం. కానీ నారు ఎలా పట్టుకోవాలో, వేరు చుట్టూ మట్టి ఎంత గట్టిగా నొక్కాలో చేత్తో చూపిస్తే భాషతో పనేముంది! మీ సంఘంలో అలా వచ్చిపోయే పెద్దవాళ్లు తప్పకుండా ఉంటారు. పగలంతా టీవీ ముందు కూర్చుని, ఎప్పుడు తిరిగి వెళ్దామా అని రోజులు లెక్కపెట్టుకునేవాళ్లు. వాళ్లను పిలవండి. మనకు తోట నేర్పే గురువులు వాళ్లే.

ఇప్పుడు మీరు అడగనిది ఒకటి. ఇది ముందే తెలిసుంటే నేను ఒక మనస్తాపం తప్పించుకునేదాన్ని.

రెండో ఏడాది ఒక తండ్రి నన్ను చర్చి పార్కింగ్‌లో ఆపారు. ‘అక్కా, మా నాన్న జీవితాంతం పరాయి పొలంలో వంగి వంగి నడుం పోగొట్టుకున్నాడు. నా కొడుకు అలా వంగకూడదనే ఇంత దూరం వచ్చాను. మీరు వాడి చేతికి పార ఇస్తారా?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే మాదీ అదే కథ. మా ప్రాంతంలో క్రైస్తవులైన వాళ్లలో ఎక్కువమంది పల్లెకు బయట వాడల్లో ఉన్నవాళ్లు, సెంటు భూమి లేని కూలీలు. మా అమ్మ చిన్నప్పుడు కోతలయ్యాక కామందు పొలంలో రాలిన కంకులు, అదే పరిగె, ఏరుకొచ్చిన మనిషి. మట్టి మనకు హాబీ ఎప్పుడూ కాలేదు. ‘మట్టిలో పనిచేస్తే పిల్లలకు వినయం వస్తుంది’ అని నేను స్టేజీ మీద ఉత్సాహంగా చెప్పిన మాట ఆయనకు ఎలా వినిపించి ఉంటుందో ఆ రోజు అర్థమైంది. ఆయన కొడుకు ఆ తర్వాత తోటకు రాలేదు. ఆయన మనసు మారి ఓ రోజు వచ్చి పార పట్టాడని చెప్పాలనే ఉంది కానీ, అలా జరగలేదు. ఆయన అన్నది తప్పని ఇప్పటికీ నేననను.

దాని వల్ల నేను మార్చుకున్నవి రెండు. ఒకటి, పిల్లలకు చెప్పకముందే తల్లిదండ్రులతో తెలుగులో ఒక మీటింగు పెట్టండి. ఎందుకు చేస్తున్నామో, ఎంతసేపో, ఎండలో ఏం జాగ్రత్తలో చెప్పి, వాళ్లను మాట్లాడనివ్వండి. రానివాళ్లను ‘సేవ చేయనివాళ్లు’గా చూడకండి. వాళ్లకు సంఘంలో ఇంకో పని ఉంటుంది. రెండు, కష్టజీవుల బతుకును పిల్లలకు పిక్నిక్‌లా చూపించొద్దు. శనివారం రెండు గంటలు కలుపు తీసి ‘పేదరైతు కష్టం తెలిసింది’ అని సాక్ష్యం చెప్పించకండి. వాళ్లకు తెలిసింది రెండు గంటల కలుపే.

పండినవి ఎక్కడికి పోతాయన్నది ఇక. చాలా తోటల్లో కొన్ని మడులు దానం కోసం ఉంచుతారు, కోసినవి దగ్గరున్న ఫుడ్ ప్యాంట్రీకి, అంటే అవసరంలో ఉన్నవాళ్లకు ఊరికే సరుకులు పంచే చోటికి, వెళ్తాయి. తాజా కూరగాయలు ఇస్తే ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే కేసు పడుతుందేమోనని మన పెద్దలు భయపడతారు. 1996లో చేసిన ఫెడరల్ చట్టం ఒకటుంది, బిల్ ఎమర్సన్ గుడ్ సమరిటన్ ఫుడ్ డొనేషన్ యాక్ట్ అని. మంచి మనసుతో, చూడ్డానికి బాగున్న ఆహారాన్ని అవసరంలో ఉన్నవాళ్ల కోసం స్వచ్ఛంద సంస్థకు ఇచ్చినవాళ్లకు అది రక్షణ ఇస్తుంది. పేరులోనే బైబిల్లోని మంచి సమరయుడున్నాడు, చూశారా. అయితే కుళ్లినవి అని తెలిసీ ఇచ్చేవాళ్లకు అది వర్తించదు.

ప్యాంట్రీకి ముందే ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: ఏ రోజు పంచుతారు, ఏవి మనుషులు తీసుకెళ్తున్నారు, ఏవి మిగిలిపోతున్నాయి. ఆకుకూరలు శనివారం కోసి మంగళవారం ఇస్తే చెత్తబుట్టకే. మొదట్లో మేం ప్రేమగా రెండు సంచుల గోంగూర తీసుకెళ్లి ఇచ్చాం. అక్కడి వలంటీరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వాసన చూసి, మొహమాటంగా నవ్వింది. అంతా వాడిపోయింది. ఎవరికి ఏది కూరో తెలియకుండా ఇవ్వడం దానం కాదు, మన ఇష్టాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టడం.

కానీ గోంగూర కథ అక్కడ ఆగలేదు. మా తోటలో ఒక మడి బర్మా నుంచి శరణార్థులుగా వచ్చిన చిన్ తెగ కుటుంబానిది. డాలస్ దగ్గర లూయిస్‌విల్ వైపు చిన్ వాళ్లు చాలామంది ఉన్నారు, ఎక్కువమంది బాప్టిస్టులు. ఆ అమ్మ మా గోంగూర మడి దగ్గర నిలబడి ఆకు తుంచి నోట్లో వేసుకుని, కళ్లు పెద్దవి చేసి ఏదో అంది. వాళ్ల అమ్మాయి ఇంగ్లిష్‌లో చెప్పింది, బర్మాలో దీన్ని చిన్‌బాంగ్ అంటారట, పులుసు పెట్టుకుంటారట, వేయించుకుంటారట. అప్పటి నుంచి మా గోంగూరంతా వాళ్ల వాళ్లకే. ఆవిడ మాకు వెదురు కర్రలు లేకుండా తీగలు ఎలా పాకించాలో నేర్పింది. అక్టోబరులో ఎర్రగోంగూర కాయలు కాస్తే మెక్సికన్ అమ్మలు వాటి ఎర్ర రేకల కోసం వస్తారు. ఎండబెట్టి నీళ్లలో మరిగించి చల్లగా తాగుతారు, హమైకా అంటారు. ఒకే మొక్క, మూడు దేశాల వంటిల్లు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మీ రెండో ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. తోటలో సువార్త చెప్పొచ్చా? అడిగితే చెప్పండి. అడగకపోతే పని చేయండి. తోటకు ఎన్నో నమ్మకాలవాళ్లు వస్తారు, ఏ నమ్మకమూ లేనివాళ్లూ వస్తారు. తోట సిటీ స్థలంలో ఉంటే నియమాలు కూడా ఉంటాయి. అంతకంటే పెద్ద సంగతి, చేతిలో కూరగాయల సంచి పెట్టి, రెండో చేతిలో కరపత్రం పెడితే ఆ మనిషి వద్దనలేడు. వద్దనే వీలు లేనిచోట చెప్పేది సువార్త ఎలా అవుతుంది?

ఇది నా సొంత తెలివి కాదు, మా ఒంగోలు చరిత్రే. తెలుగువాళ్ల మధ్య అమెరికన్ బాప్టిస్టుల మిషన్‌కు ‘లోన్ స్టార్ మిషన్’ అని పేరుండేది. మ్యాపు మీద ఒంటరి చుక్కలా ఉందని అలా పిలిచారు. టెక్సాస్‌ను కూడా లోన్ స్టార్ రాష్ట్రం అంటారు గానీ దానితో సంబంధం లేదు. ఆ మిషన్ నుంచి జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. 1876–78 కరవులో జనం చనిపోతుంటే ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. గంజి పోసి పంపేయలేదు, పని ఇచ్చాడు. అప్పుడే జనం గుంపులుగా బాప్తిస్మం కావాలని వచ్చారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం వచ్చారో, నమ్మి వచ్చారో తేలాలని, సహాయం పంచుతున్నంతకాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం పని అయిపోయాక, ఇక ఆయన దగ్గర ఇచ్చేదేమీ లేనప్పుడు కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది. అందరూ ఆ అంకెనే చెప్పుకుంటారు. నేను యూత్ పిల్లలకు చెప్పేది ఆ అంకెకు ముందున్న ఏడాది గురించి.

మొదటి ఏడాదంతా మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. మూడో వేసవిలో ఆ టీచరమ్మే అడిగింది, మీ పిల్లలు ఎందుకు మానకుండా వస్తున్నారని. పదో గ్రేడ్ చదివే అబ్బాయి ఒకడు రెండు వాక్యాల్లో చెప్పాడు, ప్రసంగం చేయలేదు. ఆవిడ ‘ఓహో’ అంది. పైపు కట్టేయమంది. అంతే జరిగింది.

బైబిల్ పాఠం ఎక్కడ పెట్టాలంటారా? తోటలో వద్దు, కారెక్కేముందు చర్చిలోనో, తిరిగొచ్చాకో పది నిమిషాలు. పాఠాలకు కొదవేం లేదు. పొలం అంచులు పూర్తిగా కోయొద్దు, రాలిన పరిగె బీదలకూ పరదేశులకూ వదలమన్న లేవీయకాండం 19. ఆ పరిగె ఏరడానికే వచ్చిన మోయాబు అమ్మాయి రూతు. చెరలోకి వెళ్లినవాళ్లకు అక్కడే తోటలు వేసుకుని, ఆ పట్టణం క్షేమం కోరమని యిర్మీయా రాసిన ఉత్తరం, 29వ అధ్యాయం. ఇది వీసా మీద బతికే మనకు బాగా తగులుతుంది. పరిగె అంటే ఏమిటో మాత్రం ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి రమ్మనండి. మా పిల్లల్లో ఒకమ్మాయి వాళ్ల నానమ్మకు ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. ఆ నానమ్మ తన జీవితంలో ఆ సంగతి ఎవరూ అడగలేదందట.

సర్వీస్ అవర్స్ గురించి. హైస్కూల్లో ఆనర్ సొసైటీకి, అంటే బాగా చదివే పిల్లల సంఘానికి, కాలేజీ అప్లికేషన్లకు పనికొస్తాయని తల్లిదండ్రుల టెన్షన్ నాకు తెలుసు, నా పిల్లలకూ సంతకాలు పెట్టించాను. అవర్స్ ఇవ్వడం తప్పు కాదు. ఒక తల్లి ఆరు గంటలు వచ్చిన అబ్బాయికి ఇరవై రాయమని అడిగారు, ‘దేవుని పనేగా అక్కా, కాస్త చూసి వేయండి’ అని. దేవుని పని కాబట్టే వేయలేదు. ఇంటికి పిలవడం మానేశారు రెండేళ్లు. మీరు ఇలా చేయండి: షెడ్డు దగ్గర ఒక పుస్తకం పెట్టి, వచ్చిన టైమూ వెళ్లిన టైమూ పిల్లల చేతే రాయించండి, సంతకం తోటవాళ్లది తీసుకోండి, మీది కాదు. అప్పుడు మొహమాటానికి చోటు ఉండదు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట గుర్తుచేసి అవర్స్ పూర్తిగా వద్దనే పెద్దలు కూడా మీ సంఘంలో ఉండొచ్చు. వాళ్లతో వాదించకండి, ఇష్టమున్న పిల్లలు రాయించుకోకుండా ఉండొచ్చని చెప్పండి. మా దగ్గర ముగ్గురు అలా ఉన్నారు.

జాగ్రత్తలు గబగబా చెప్పేస్తాను. మైనర్లందరికీ తల్లిదండ్రుల సంతకంతో తోటవాళ్ల ఫారం ఉండాలి. ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు పెద్దవాళ్లు ఎప్పుడూ ఉండాలి, ఒంటరిగా ఒక పెద్దాయన, ఒక పిల్ల అన్న పరిస్థితి రానివ్వొద్దు. వేసవిలో పొద్దున ఏడుకు మొదలుపెట్టి తొమ్మిదికి ముగించండి. ఎవరికైనా తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా వెంటనే నీడకు. చెప్పులు, క్రాక్స్ వేసుకొచ్చినవాళ్లను పనికి దించకండి. ఇక్కడి ఫైర్ యాంట్స్ ముందు మన ఎర్రచీమలు సాధువులు. పుట్ట మీద కాలేస్తే అరికాలి నుంచి మోకాలి దాకా పొక్కులు. ఎవరికి అలర్జీలున్నాయో ముందే రాయించుకోండి.

ఎరువు విషయంలో మాత్రం ఒక్క మాట గట్టిగా. ఊరికే ఇస్తున్నారని గుర్రపు లద్ది తెచ్చి వేయకండి. మేం నాలుగో ఏడాది ఒక గుర్రాల కొట్టం నుంచి ట్రక్కు నిండా తెచ్చాం, బాగా మాగింది కూడా. వేసిన నెలకు టమాటా, చిక్కుడు ఆకులు ముడుచుకుని, కొత్త చిగుళ్లు తాళ్లలా మెలికలు తిరిగాయి. తెగులనుకున్నాం. తర్వాత తెలిసింది, గడ్డిబీళ్లలో వెడల్పాకుల కలుపు చావడానికి కొట్టే కొన్ని మందులు గడ్డిలో ఉండి, గుర్రం పొట్టలోంచి లద్దిలోకి వచ్చి, కంపోస్టులో కూడా నెలల తరబడి చావవని. మా తప్పు వల్ల పక్కవాళ్ల రెండు మడులు కూడా పాడయ్యాయి, పిల్లలతో వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాం. అప్పటి నుంచి ఎక్కడి ఎరువైనా ముందు నాలుగు కుండీల్లో మట్టితో కలిపి చిక్కుడు గింజలు వేసి మూడు వారాలు చూస్తాం. ఆకులు నిటారుగా, మామూలుగా వస్తేనే తోటలోకి. పక్కనే మామూలు మట్టితో రెండు కుండీలు పెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

డబ్బు పెద్దగా పట్టదు. తోటలో పనిముట్లు ఉంటాయి. చర్చిలో విడిగా కానుక ఎత్తకండి, లెక్కలతో సగం ఉత్సాహం పోతుంది.

సొంత తోట ఎప్పుడు వేయొచ్చని అడుగుతారేమో. రెండు వేసవులు అక్కడ మానకుండా చేశాక, మీ పిల్లల్లో నలుగురైనా పెద్దవాళ్లు చెప్పకుండా పైపు దగ్గరకు వెళ్తుంటే, అప్పుడు రెండు మడులు వేయండి. పన్నెండు కాదు. మేం ఇప్పుడు చర్చి వెనక మూడు వేశాం, తొమ్మిదేళ్లకు. అందులో పండినవి నవంబరులో మన ఊళ్లలోలాగే కోత పండుగ చేసి వేలం వేస్తాం. కిందటిసారి ఒక సొరకాయ 140 డాలర్లకు పోయింది. కొన్నాయన మళ్లీ వేలానికే ఇచ్చేశాడు, రెండోసారి 90. ఆ డబ్బు ప్యాంట్రీకి.

మొదటి శనివారం ఏం తీసుకెళ్లాలన్నారు కదా. ఒక్కొక్కరికి నీళ్ల సీసా, టోపీ, మూసిన బూట్లు, చేతులకు సరిపోయే గ్లౌజులు. పెద్దవాళ్ల సైజు గ్లౌజులు పిల్లలకు ఇస్తే ఐదు నిమిషాల్లో తీసి పారేస్తారు. ఒక చిన్న త్రాసు, కోసినవి తూచి రాసుకోవడానికి. ఇంకా ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే ఒక కొడవలి, కలుపు తవ్వే ఒక చిన్న తొలిక తెమ్మనండి, చెక్ ఇన్ సామానులో, పదును మీద గుడ్డ చుట్టి. ఇక్కడి షాపుల్లో దొరికేవాటితో గరిక వేరు రాదు. మా అత్తగారు తెచ్చిన తొలిక ఇప్పటికీ షెడ్డులో ఉంది. దాని కోసం టీచరమ్మకూ, చిన్ అమ్మకూ వారం వారం తగవే. మీ తోట ఏ వైపో, మట్టి మడుల్లో ఉందా నేల మీదేనా చెప్తే, మార్చిలో ఏం నాటాలో విడిగా రాస్తాను.